పదకొండు నోళ్ళు

ఇరవై రెండు సెకన్ల ఫిల్ము. శబ్దం లేదు.
రేకు డబ్బా మీద పెన్సిల్ రాత: 1934, సెప్టెంబరు.
నెల్సన్ ఊళ్ళో థిసిల్ మిల్లు గేటు తెరుచుకుంటుంది,
చెక్క అడుగుల జోళ్ళతో ఆడవాళ్ళు బిలబిలా బయటపడతారు,
జుట్టు నిండా దూది నూగు,
అందరూ పిండిమర నుంచి వస్తున్నట్టు.

పద్నాలుగో సెకనులో ఒకామె
వీధి అవతలి మనిషికేసి తిరిగి ఏదో అంటుంది.
గొంతుతో కాదు.
వెయ్యి మరమగ్గాల మోతలో గొంతుకు పనేముంది!
అక్కడి మాటలన్నీ పెదాలవే,
నోరు సాగదీసి, విప్పి, బిగించి
షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు విసిరే మాటలు.
గేటు దాటినా ఆ అలవాటు వదలదు.

ఆ నోటిని నేను కుట్టాను.
మిల్లు మూసేసినప్పుడు మిగిలిన ఆఖరి తాను,
కోరా గుడ్డ, ఆరు గజాలు.
ఒక్కో ఫ్రేముకీ ఒక్కో నోరు, మొత్తం పదకొండు.
తెల్ల నూలు మీద తెల్ల నూలు,
వెలుతురు పక్కనుంచి పడితే తప్ప కనపడవు.
సమ్మె పిలుపనుకున్నాను.
కూలి పెంచమంటోందనుకున్నాను.
గ్రాంటు దరఖాస్తులో అలాగే రాశాను కూడా.

బెరిల్ ఓగ్డెన్‌కి ఎనభై తొమ్మిది.
ఆరు మగ్గాలు నడిపిన మనిషి. చెవులు మిల్లుకే ఇచ్చేసింది.
ముందు పళ్ళు నాడెకిచ్చింది:
నాడె కంట్లోంచి దారపు కొసని నోటితో పీల్చి లాగాలి,
దాన్ని ముద్దనేవాళ్ళట.
"మా ఆయనకన్నా దానికే ఎక్కువ పెట్టాను" అంటుంది.
వాళ్ళక్క ఓల్డంలో, ఏకులు తీసే గదిలో.
ఏకై వచ్చింది మేకై దిగింది రొమ్ములో,
నలభై ఏడేళ్ళకే.
ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం బెరిల్ పెదాలు
పెద్దగా కదలవు.

గుడ్డని కిటికీ దగ్గర పరిచాను.
చూపుడువేలితో ఒక్కో నోటినీ తడుముతూ
ఆ ఆకారాన్ని తన నోటికి తొడుక్కుంటూ పోయింది.
ఒకటి. రెండు. మూడు.
పదకొండోది దాటాక వెనక్కొచ్చి
మళ్ళీ మొదలుపెట్టింది.

"మా అమ్మ" అంది.
"మళ్ళీ నెల తప్పిందంటోంది. మూడోదట."

ఇంకేమంటోందని నేనడగలేదు.
ఆమె వేళ్ళు మడుస్తోంది: అక్టోబరు, నవంబరు...
మార్చి దగ్గర ఆగింది.
మార్చి ఆమె పుట్టిన నెల.

కెటిల్ కూసింది. ఆమెకి వినపడదు,
నేనే లేచి ఆపాను.

తిరిగొచ్చేసరికి ఏడో నోటి మీద గోరు పెట్టి ఉంది.
"ఇది తప్పు. ఇక్కడ పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి.
విప్పి కుట్టు."
విప్పితే మాట మారుతుందా?
"మారదూ మరి!"
మారి ఏమవుతుంది?
నాకేసి తిరిగి,
నోరు సాగదీసి, విప్పి, బిగించి
చెప్పింది, గొంతు లేకుండా.
నాకు ఆ భాష రాదు.

రాత్రి ఏడో నోరు విప్పాను.
దారం వచ్చేసింది గాని సూది కంతలు పూడలేదు.
ఈ పత్తి ఏ దేశపు చేలో కాసిందో,
కాయ అంచుకి ఎవరి వేళ్ళు చీరుకున్నాయో,
ఆ చివర గేటూ లేదు, కెమెరా లేదు.
అద్దం ముందు నిలబడి
పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి చూసుకున్నాను,
రెండుసార్లు, మూడుసార్లు.
ఆ తరవాతే సూదిలో దారం ఎక్కించాను.

దరఖాస్తులో ఆ వాక్యం కొట్టేశాను.
ప్రదర్శనలో, గుడ్డ పక్కన చీటీ మీద ఇంతే ఉంది:
కోరా గుడ్డ, నూలు దారం.
మాట థర్జా ఓగ్డెన్‌ది.
తప్పు దిద్దినది ఆమె చిన్నకూతురు.